రోగి నడిచే దారి: చుక్కలు, గీతలు చెప్పే సంగతులు

"సిస్టరమ్మా, పొద్దున ఏడు గంటలకు వచ్చి చీటీ రాయించుకున్నాము, ఇంకా ఎంతసేపు?" ప్రభుత్వ ఆసుపత్రి అయినా, మిషను ఆసుపత్రి అయినా, నర్సులమైన మేము రోజుకు ఎన్నోసార్లు వినే ప్రశ్న ఇది. "జనం ఎక్కువ, డాక్టరుగారు ఒక్కరే" అన్నది అందరికీ అలవాటైన జవాబు. అందులో నిజం లేకపోలేదు. కానీ అది మొత్తం నిజం కాదు. డాక్టర్లు సరిపడా ఉన్నచోట కూడా జనం బారులు తీరి నిలబడతారు. పై అంతస్తు వార్డులో ఇంటికి వెళ్ళవలసిన వారు బెడ్లమీద కూర్చుని ఉండగానే, కింద క్యాజువాలిటీలో కొత్త రోగి స్ట్రెచరు మీద గంటలు గడుపుతాడు. ఇలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవటానికి ఒక పద్ధతి ఉన్నది. దానిని నెట్‌వర్క్ ఎనాలిసిస్ అంటారు. పేరు పెద్దదే గాని, కాగితమూ పెన్సిలూ ఉంటే ఎవరైనా మొదలుపెట్టగలిగిన పని. ఈసారి దాని గురించి మన పాఠకులకు చెప్పాలని అనుకున్నాము. ఎందుకంటే దానిలో రోగికీ, రోగి కుటుంబానికీ పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నది.

చుక్కలు, గీతలు అంటే ఏమిటి?

1736లో ఆయిలర్ అనే గణిత పండితుడు కోనిగ్స్‌బర్గ్ అనే ఊరి గురించి ఒక చిక్కు ప్రశ్నను విప్పాడు. ఆ ఊరిలో నదిమీద ఏడు వంతెనలు ఉండేవి. ఒక్కో వంతెనను ఒక్కసారే దాటుతూ ఏడింటినీ నడిచి రాగలమా అన్నది ప్రశ్న. ఆయన నేలభాగాలను చుక్కలుగాను, వంతెనలను గీతలుగాను తలచి, అది సాధ్యం కాదని తేల్చాడు. ఊరి మేడలు, వీధులు, నది వెడల్పు ఏవీ ఆయనకు అక్కరలేకపోయాయి. ఏది దేనితో కలిసి ఉన్నదన్నదే లెక్క.

మన రైలు జంక్షన్ల సంగతి అందరికీ తెలుసు. విజయవాడలో పట్టాలు ఆగితే హైదరాబాదు, చెన్నై, విశాఖపట్నం వైపుల బండ్లన్నీ ఆలస్యమవుతాయి. చిన్న స్టేషన్లో ప్లాట్‌ఫారమ్ మీద నిలబడి ఎదురుచూసే ప్రయాణికునికి "ఈ స్టేషన్లో ఏదో తప్పు ఉంది" అనిపిస్తుంది. కాని తప్పు వంద మైళ్ళ అవతల ఉన్నది. ఆసుపత్రిలో కూడా ఇంతే. జనం ఎక్కడ నిలబడి ఉన్నారో అక్కడే లోపం ఉన్నదని అనుకోకూడదు.

ఓపీలో ఒక రోజు

ఓపీకి వచ్చిన మనిషి దారిని గీసి చూద్దాము. ముందు చీటీ కౌంటరు. అక్కడనుండి బరువు, బీపీ చూసే నర్సు బల్ల. తరువాత డాక్టరుగారి గది. ఆయన రక్తపరీక్ష రాస్తే ల్యాబు, ఎక్స్‌రే రాస్తే ఎక్స్‌రే గది. రిపోర్టు తీసుకుని మళ్ళీ డాక్టరుగారి గది. చివరకు మందుల కౌంటరు. ఇవన్నీ చుక్కలు. మనిషి ఒకచోటినుండి మరొకచోటికి వెళ్ళిన ప్రతి నడకా ఒక గీత. ఎక్కువమంది నడిచిన గీతను లావుగాను, తక్కువమంది నడిచిన గీతను సన్నగాను గీస్తారు.

ఇలా గీయగానే ఒక సంగతి కంటికి కనబడుతుంది. డాక్టరుగారి గదికి ఒక గీత కాదు, రెండు గీతలు వస్తున్నాయి. పొద్దున కొత్త చీటీలవారు వస్తారు. పదకొండు దాటినప్పటినుండి రిపోర్టులు చేతపట్టుకుని పాతవారు తిరిగి వస్తారు. అప్పటికి కొత్తవారి వరుస ఇంకా అయిపోలేదు. గది ఒక్కటే, తలుపు ఒక్కటే. మధ్యాహ్నం వేళ జరిగే తోపులాట, "నేను ముందు వచ్చాను" అన్న మాటల గొడవ, సగం అక్కడే పుడుతున్నాయి. ఇద్దరూ నిజమే చెబుతారు. ఇద్దరూ ముందు వచ్చినవారే, వేరువేరు గీతలమీద వచ్చారు, అంతే. రిపోర్టులు చూపించుకునేవారికి వేరే వరుసో, వేరే సమయమో పెడితే, ఇంకొక డాక్టరుగారు రాకుండానే ఆ గొడవ చాలా వరకు తగ్గుతుంది.

రెండవ సంగతి. డాక్టరుగారు గంటకు 15 మందిని చూడగలరనీ, మందుల కౌంటరులో గంటకు 10 మందికే మందులు ఇవ్వగలరనీ అనుకుందాము. అప్పుడు గంట గంటకూ 5 మంది కౌంటరు దగ్గర మిగిలిపోతారు. ఇంకొక డాక్టరుగారిని తెచ్చి గంటకు 30 మందిని చూపించినా రోగి ఇంటికి త్వరగా వెళ్ళడు. వరుస మాత్రం ఒక గది ముందునుండి మరొక గది ముందుకు మారుతుంది. నీళ్ళ గొట్టం ఎక్కడ ఇరుకుగా ఉన్నదో అక్కడే బాగుచేయాలి గాని, మరొకచోట వెడల్పు చేస్తే ప్రయోజనం లేదు.

1961లో జాన్ లిటిల్ అనే పండితుడు రుజువు చేసిన ఒక చిన్న సూత్రం కూడా ఇక్కడ పనికివస్తుంది. గంటకు ఎంతమంది వస్తున్నారో, ఒక్కొక్కరు సగటున ఎన్ని గంటలు లోపల ఉంటున్నారో గుణిస్తే, ఆవరణలో ఒక్కసారి ఎంతమంది ఉంటారో తెలుస్తుంది. గంటకు 40 మంది వచ్చి ఒక్కొక్కరు 3 గంటలు ఉంటే 120 మంది. అదే 2 గంటలలో పని అయిపోతే 80 మంది. వచ్చేవారు తగ్గలేదు, బెంచీలు పెరగలేదు, గది కట్టలేదు. అయినా 40 మంది తక్కువ.

క్యాజువాలిటీ రద్దీకి కారణం పై వార్డులో

ఇప్పుడు వార్డులను చూద్దాము. క్యాజువాలిటీలో చేరిన రోగి వార్డుకు వెళ్ళాలంటే అక్కడ బెడ్డు ఖాళీ కావాలి. బెడ్డు ఖాళీ కావాలంటే నయమైన వారు డిశ్చార్జి కావాలి. పొద్దున రౌండ్సులో డాక్టరుగారు "ఈరోజు వెళ్ళవచ్చు" అంటారు. ఆ తరువాత డిశ్చార్జి కాగితం రాయాలి, బిల్లు లేదా పథకం కాగితాలు పూర్తికావాలి, ఇంటికి మందులు తీసుకోవాలి, ఊరినుండి అబ్బాయి బండి తీసుకుని రావాలి. సాయంత్రం నాలుగవుతుంది. పొద్దున పదింటికే ఖాళీ కావలసిన బెడ్డు అంతవరకు ఖాళీ కాదు. ఆ ఆరు గంటలూ కింద ఒకరు స్ట్రెచరు మీద ఉంటారు. చూసేవారికి క్యాజువాలిటీ సిబ్బంది ఆలస్యం చేస్తున్నట్టు ఉంటుంది. గీత పట్టుకుని వెనక్కు వెళితే, ముడి పై అంతస్తులోని డిశ్చార్జి దగ్గర కనబడుతుంది.

ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య

ఇంతవరకు ఒక్క ఆవరణలోని సంగతి చెప్పాము. ఇంకా పెద్ద చిత్రం గీస్తే ఒక్కో ఆసుపత్రే ఒక చుక్క అవుతుంది. ప్రభుత్వ వైద్యంలో మెట్లు ఎలా ఉండాలో మన దేశంలో ఎప్పుడో నిర్ణయించారు. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి 30 బెడ్ల సామాజిక ఆరోగ్య కేంద్రం. కొండ, గిరిజన ప్రాంతాలలో ఇవే 3,000, 20,000, 80,000 మందికి ఒకటి చొప్పున ఉండాలి. వీటిపైన ఏరియా ఆసుపత్రి, జిల్లా ఆసుపత్రి, ఆపైన వైద్య కళాశాల ఉన్న బోధనాసుపత్రి. రోగి ఒక్కో మెట్టు ఎక్కుతూ వెళతాడని, నయమయ్యాక దిగి మళ్ళీ తన ఊరి కేంద్రానికి వస్తాడని దీని ఉద్దేశ్యం.

నిజంగా మనుషులు నడిచే దారి అలా ఉండదు. మొదట ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షను. తగ్గకపోతే పట్నంలో ఒక నర్సింగ్ హోము. డబ్బు అయిపోయాక ఏరియా ఆసుపత్రి. అక్కడనుండి పెద్దాసుపత్రి. కొందరు జలుబుకైనా సరే నేరుగా పెద్దాసుపత్రికే వెళతారు. అందుకే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి చోట ఉత్తరాంధ్ర జిల్లాలవారే గాక ఒడిశానుండి వచ్చినవారు కూడా వరుసలో ఉంటారు. ఊరిదగ్గర తీరవలసిన పనీ, అక్కడ తప్ప ఇంకెక్కడా తీరని పనీ ఒకే తలుపుముందు నిలబడతాయి.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటినుండి "నెట్‌వర్క్ ఆసుపత్రి" అన్న మాట మన ఇళ్ళలో అలవాటైపోయింది. పథకం పేరు కాలాన్ని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారినా ఆ మాట నిలిచింది. కాని జాబితాలో పేర్లు ఉన్నంతమాత్రాన నెట్‌వర్క్ కాదు. ఒక ఆసుపత్రినుండి మరొక ఆసుపత్రికి రోగితోపాటు అతని సమాచారం కూడా వెళ్ళినప్పుడే అది నెట్‌వర్క్. చుక్కలు ఎన్ని ఉన్నా గీత తెగితే ప్రయోజనం లేదు.

ఒక కాన్పు కేసును తలచుకోండి. 1994లో థాడియస్, మేన్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లుల మరణాలకు మూడు ఆలస్యాలు కారణమని రాశారు. వెళ్ళాలని నిర్ణయించుకోవటంలో ఆలస్యం, చేరటంలో ఆలస్యం, చేరిన తరువాత వైద్యం అందటంలో ఆలస్యం. నర్సింగ్ విద్యార్థినులకు ఇప్పటికీ దీనిని బోధిస్తారు. చిత్రం గీసి చూస్తే ఇంకొక మాట కలపాలనిపిస్తుంది. ఒక ఆసుపత్రినుండి మరొకదానికి, అక్కడనుండి ఇంకొకదానికి పంపినప్పుడు రెండవ ఆలస్యమూ మూడవ ఆలస్యమూ మళ్ళీ మళ్ళీ మొదటినుండి మొదలవుతాయి. ప్రతి చుక్క దగ్గరా కొత్త చీటీ, కొత్త రక్తపరీక్ష, "రక్తం గ్రూపు ఏమిటి? ఎన్నో నెల? అక్కడ ఏం మందు ఇచ్చారు?" అన్న అవే ప్రశ్నలు. కాన్పు తరువాత రక్తం ఆగని తల్లికి ఆ నిమిషాలే ప్రాణం. చీటీలో నాలుగు మాటలు సరిగా రాసి ఉంటే, ముందుగా ఒక ఫోను వెళ్ళి ఉంటే, ఆమె తలుపు దాటేసరికి రక్తం సిద్ధంగా ఉంటుంది.

పెద్ద లెక్కలు ఏం చెప్పాయి?

ఇతర దేశాలలో ఈ చిత్రాలను కంప్యూటర్ల సాయంతో గీశారు. అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా లెక్కలు తీసుకుని, ఐసీయూ అవసరమైన రోగులను ఒక ఆసుపత్రినుండి మరొకదానికి ఎలా పంపుతున్నారో 2009లో ఒక పరిశోధన ప్రకటించింది. 3,300కు పైగా ఆసుపత్రులు, ఒక్క 2005లోనే 47 వేలకు పైగా బదిలీలు. ఎవరూ కూర్చుని గీయకపోయినా, ఎన్నో ఏళ్ళ అలవాటులో అక్కడ ఒక నెట్‌వర్క్ తనంతట తానే ఏర్పడి ఉన్నది. అందులో నడుమ ఉన్నవి సాధారణంగా ఎక్కువ వసతులు గల ఆసుపత్రులే.

నెదర్లాండ్స్‌లో 2010లో జరిగిన పరిశోధనలో, ఆసుపత్రులలో అంటుకునే మొండి క్రిములు రోగులతోపాటు ప్రయాణించటంలో విశ్వవిద్యాలయ ఆసుపత్రులు నడిమి చుక్కలని తేలింది. కాలిఫోర్నియాలోని ఆరంజ్ కౌంటీలో 2011లో ప్రకటించిన పరిశోధన ఇంకొక సంగతి చెప్పింది. ఒక ఆసుపత్రినుండి నేరుగా మరొకదానికి పంపినవారు కొద్దిమందే. ఒకచోట డిశ్చార్జి అయి ఇంటికి వెళ్ళి, కొన్నాళ్ళకు వేరొకచోట చేరినవారు చాలామంది. ఆసుపత్రులను కలిపే గీతలలో ఎక్కువ భాగం రోగి ఇంటిమీదుగా పోతున్నాయన్నమాట.

దీనికీ మనకూ సంబంధం ఉన్నది. అడ్మిషను సమయంలో "ఈమధ్య ఎక్కడైనా చేరారా?" అని సిస్టరు అడిగితే, "ఎందుకు అడుగుతున్నారో" అని కొందరు దాస్తారు. వేరే ఆసుపత్రికి వెళ్ళివచ్చామంటే కోప్పడతారని భయం. మేము అడిగేది తగవు కోసం కాదు. మొండి క్రిమి వెంట వచ్చే వీలుంటే పుండు కట్టుకట్టేటప్పుడు ఎలాంటి జాగ్రత్త తీసుకోవాలో, పక్క బెడ్డులోని పసిబిడ్డను ఎలా కాపాడాలో నిర్ణయించటానికి అడుగుతాము. ఆ గీత మీకు మాత్రమే తెలుసు. మీరు చెప్పకపోతే మా కాగితంలో ఉండదు.

మనిషి బదులు వేరేది ప్రయాణిస్తే

చిత్రం గీసినందువల్ల వచ్చే మేలు ఇంకొకటి. ప్రతి గీతమీదా రోగే నడవాలా అని అడగవచ్చు. తెలంగాణలో 2018లో ప్రారంభమైన డయాగ్నస్టిక్ కేంద్రాల పద్ధతిలో, దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే రక్తం తీసి, నమూనాను పెద్ద ల్యాబుకు పంపుతారు. నడిచేది సీసా, మనిషి కాదు. 2019లో వచ్చిన ఈ-సంజీవనిలో ఊరి కేంద్రంలో కూర్చున్న రోగితో దూరాన ఉన్న డాక్టరుగారు తెరమీద మాట్లాడతారు. ఇక్కడ ప్రయాణించేది మాట. 2022నుండి అనేక ఆసుపత్రులలో క్యూఆర్ గుర్తును ఫోనుతో స్కాన్ చేసి ఓపీ టోకెను తీసుకునే వీలు వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు కూడా ఇలాంటి మార్పే. అది దారిని కుదించటమే గాక, దారిలోనే వైద్యం మొదలుపెడుతుంది.

చిత్రంలో లేనివారు

ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. చిత్రంలో చీటీ రాయించుకున్నవారే ఉంటారు. బస్సు ఛార్జీ లేక రానివారు, కూలి పోతుందని మానుకున్నవారు, వరుస చూసి వెనుదిరిగిన ముసలమ్మ, భర్త ఒప్పుకోనందున ఇంట్లోనే ఉండిపోయిన ఇల్లాలు, వీరు ఏ చుక్క దగ్గరా కనబడరు. కంప్యూటరు చూసి "ఈ గీత సన్నగా ఉన్నది, ఇక్కడ అవసరం తక్కువ" అంటే పొరబాటు కావచ్చు. అవసరం లేక సన్నబడిందా, దారి లేక సన్నబడిందా అన్నది ఊరికి వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది. అది ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు, ఇరుగుపొరుగువారికి తెలిసిన లెక్క. మీ వీధిలో అలాంటివారు ఉంటే వారి సంగతి ఆశాకు చెప్పండి. ఇలాంటి లెక్కలలో రోగుల పేర్లు, వ్యాధుల వివరాలు బయటపడకుండా చూడటం కూడా ఆసుపత్రుల బాధ్యత.

మీరు చేయగలిగినవి (ఈ భాగాన్ని కత్తిరించి దాచుకోండి)

1. పాత చీటీలు, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, రక్తం గ్రూపు కాగితం అన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ తీసుకురండి. ఫోనులో ఫోటోలు కూడా తీసి ఉంచుకోండి.

2. మరొక ఆసుపత్రికి వెళ్ళమన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఆసుపత్రిలో ఏ విభాగానికి వెళ్ళాలి? ఎంతసేపటిలో చేరాలి? ఇక్కడ ఇచ్చిన మందులు, వాటి సమయం చీటీలో రాశారా? చీటీ లేకుండా బయలుదేరవద్దు.

3. "అక్కడికి ఒకసారి ఫోను చేసి చెప్పండి" అని మర్యాదగా అడగండి. బెడ్డు, రక్తం ఉన్నవో లేవో ముందే తెలిస్తే రెండవసారి తిరిగే పని తప్పుతుంది.

4. ఈమధ్య వేరేచోట చేరి ఉంటే, ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షను చేయించుకుని ఉంటే, నాటుమందు వాడి ఉంటే దాచవద్దు.

5. మూతి వంకరపోవటం, ఒక చెయ్యి పడిపోవటం, మాట ముద్దగా రావటం పక్షవాతానికి గుర్తులు. వెంటనే 108కి ఫోను చేయండి. సీటీ స్కాను ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళమనండి. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షను సాధారణంగా మొదలైన నాలుగున్నర గంటలలోపే పనికివస్తుంది. ఎప్పుడు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. గుండెనొప్పి, గర్భిణికి రక్తస్రావం, ఆగని ఫిట్సు వచ్చినప్పుడు కూడా చిన్నచిన్న చోట్ల తిరుగుతూ సమయం పోగొట్టుకోవద్దు.

6. బీపీ, షుగరు మాత్రలకు, పిల్లల టీకాలకు, జలుబుకు మీ దగ్గరి ఆరోగ్య కేంద్రమే మంచిది. మీకు సమయం మిగులుతుంది, పెద్దాసుపత్రి వరుసలో ప్రాణాపాయంలో ఉన్నవారికి చోటు దొరుకుతుంది.

7. రేపు డిశ్చార్జి అని చెప్పినప్పుడు, తీసుకువెళ్ళేవారిని పొద్దునే రమ్మని కబురు చేయండి. మీ బెడ్డుకోసం కింద ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.

8. ఇంటికి వెళ్ళాక డిశ్చార్జి కాగితాన్ని మీ ఊరి ఏఎన్ఎంకు చూపించండి. కుట్లు ఎప్పుడు తీయాలో, మాత్రలు ఎన్నాళ్ళు వాడాలో ఆమెకూ తెలిసి ఉండాలి.

ఆసుపత్రి భవనాలు కట్టటం, డాక్టర్లను నియమించటం మన చేతిలో లేని పనులు. ఒకచోటినుండి మరొకచోటికి సమాచారం తెగిపోకుండా చూడటం మాత్రం నర్సుల చేతిలో కొంత, రోగి కుటుంబం చేతిలో కొంత ఉన్నది. ఆ కవరులోని కాగితాలు సరిగా ఉన్నవో లేవో సందేహముంటే, ఓపీకి వచ్చినప్పుడు నర్సు బల్ల దగ్గర చూపించండి. మా సిస్టర్లు సర్ది ఇస్తారు.

— నర్సింగ్ విభాగం తరఫున, నర్సింగ్ సూపరింటెండెంట్